సీసం గుండ్లు

"ఆపుతావా లేదా?"

పేతురు పక్కింటి తలుపు మీద అరచేత్తో బాదాడు. రాత్రంతా గూడ్సు బండి చివర గార్డు పెట్టెలో కూర్చుని వచ్చి, తెల్లారాక పడుకున్నవాడు. గంట కూడా కాలేదు, గోడ అవతల ఠంగు ఠంగుమని సుత్తి మొదలైంది. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో రెండిళ్లకూ ఒకటే గోడ. ప్రతి దెబ్బా సరాసరి వచ్చి అతని తలలో పడుతోంది.

అబ్బాస్ తలుపు తీశాడు. వర్కుషాపులో ఫిట్టరు. చేతుల నిండా సీసపు నలుపు.

"ఇంట్లనే ఉన్నవా పేతురన్నా? డ్యూటీకి పోయినవనుకున్న. ఇంక నాలుగే ఉన్నయి, జెర ఓర్చుకో."

లోపల నేల మీద ఇనుప దిమ్మె, దాని నడుమ చిన్న బెజ్జం. తెగ్గోసిన సీసపు తీగముక్కను అందులో వేసి, పైన కడ్డీ ఆనించి సుత్తితో ఒక్కటేస్తే ముక్క అణిగి గుండుగా తయారవుతుంది. పళ్లెంలో అప్పటికే గుప్పెడున్నాయి.

"ఏమిటివి?"

"గాలి తుపాకీల ఏసేటియి. వీటితోని మనిషికేం కాదు."

"ఎవరి తుపాకీ?"

"ఉన్నది తియ్యన్నా," అంటూ అబ్బాస్ పళ్లెం మీద తువ్వాలు కప్పాడు.

ఆ కప్పడం చూసి పేతురుకు ఒళ్లు మండిపోయింది. నిజాం లొంగిపోయి, యూనియన్ సైన్యం ఊళ్లోకి వచ్చి వారం కాలేదు. దాచిన ఆయుధాల కోసం ఇల్లిల్లూ వెతుకుతున్నారు. వీడికింకా ఆటలు కావలసి వచ్చాయి. పేతురు మళ్లీ ఇంటికి వచ్చి పడుకున్నాడు. చెప్పినట్టే నాలుగు దెబ్బలు పడ్డాయి. నాలుగోది పడేసరికి పేతురు చొక్కా తొడుక్కుని వీధి చివర ఆగిన మిలిటరీ జీపు దగ్గరున్నాడు.

"మా పక్కింట్లో తుపాకీ గుండ్లు చేస్తున్నారు," అని చెప్పాడు. గాలి తుపాకీ అన్న మాట మాత్రం మింగేశాడు.

సిపాయిలు వచ్చి అబ్బాస్ ఇల్లంతా తిరగేశారు. పేతురు గుమ్మం బయట నిలబడి చూశాడు. అధికారి పెద్దవయసువాడు. ఒక గుండు తీసి వేళ్ల మధ్య దొర్లించి చూసి, హిందీలో అన్నాడు. "ఇవి గాలి తుపాకీవి. తుపాకీ చూపించు, ఇప్పుడే వెళ్లిపోతాం. చూపించకపోతే రజాకార్ల కోసం చేస్తున్నావనుకోవాలి."

"బందూక్ లేదు సాబ్."

"మరి ఎవరికి చేశావు?"

 అబ్బాస్ భార్య చాంద్‌బీకి దుఃఖం, కోపం ఒక్కసారే ముంచుకొచ్చాయి. "చెప్పుండ్రి. జైలుకు పోతరా ఏంది? ఒక్క మాట చెప్తే ఏం పోతది?"

"ఊకో చాంద్‌బీ. మాటిచ్చిన."

చేతులు కట్టి తీసుకుపోతుంటే అబ్బాస్ గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాడు. "పో పేతురన్నా, పండుకో. ఇగ చప్పుడు రాదు."

పేతురు మొహం తిప్పుకున్నాడు. ఆ మాటకు కూడా అతనికి కోపమే వచ్చింది.

అప్పుడే బజారు నుంచి ఇంటికి వచ్చిన అతని భార్య కాంతమణి, వీధిలో ఆ గుంపేమిటని అడిగింది. పేతురు ఏదో ఘనకార్యం చేసినట్టు జరిగిందంతా చెప్పాడు.

"తుపాకీ చూపిస్తే వదిలేస్తామన్నారా?"

"అన్నారు. మొండి వెధవ, నోరు విప్పలేదు. పీడా వదిలింది."

కాంతమణి సంచీ అక్కడే పడేసింది. బియ్యం డబ్బా వెనక చెయ్యి పెట్టి, పాతచీరలో చుట్టిన గాలి తుపాకీ లాగి అతని ముందు పెట్టింది.

"మా నాన్నది. మీరు అమ్మేయమన్నారు, నేను అమ్మలేదు. గుండ్లు బజారులో దొరక్క అబ్బాసన్నని చేసిమ్మన్నాను. మీకు చెప్పొద్దని మాట తీసుకున్నాను. పరాయి ఇంటి ఆడదాని పేరు అంతమంది మగాళ్ల ముందు ఎలా చెబుతాడండీ? లేవండి, జీపు వెళ్లిపోకముందే ఇచ్చొద్దాం."

పేతురు చీర మడత తొలగించి తుపాకీ చూశాడు. "మనకెందుకే ఇది?"

"మీరు పగలు పడుకుంటే కోతులొచ్చి రేకుల మీద దూకుతాయి. మీ నిద్ర చెడకుండా వాటిని తోలేది దీంతోనే."