వంకలు పెట్టిన మామ్మగారు

అన్యాయం ఎవరికి జరిగింది?

ఎవరూ పేరైనా అడగని ఒక వృద్ధురాలికి.

ఎలా జరిగింది?

గుడివాడలో, పట్టపగలు, నలుగురి ఎదుట ఆమెను అబద్ధాలకోరు అన్నారు. అన్నది కుసుమ.

కుసుమ పెదన మనిషి. కలంకారీ దుప్పట్లు అద్ది, ఊరూరా ఎగ్జిబిషన్లలో అమ్ముకుంటుంది. భర్త పోయాక, చిన్న కూతురు దీప్తిని వెంటబెట్టుకుని ఏ లాడ్జీకి వెళ్లినా ఆమెకు గదికంటే ముందు ప్రశ్నలు ఎదురయ్యేవి. తలుపు గడియ తన చేతిలో ఉండే చోటు ఒకటి కావాలనుకుంది. అందుకే ఉన్న ఒక్క గొలుసూ అమ్మి, పాత బండ్ల బ్రోకరు సుందరరాజు షెడ్డుకు వచ్చింది.

అక్కడొక పాత వ్యాను ఉంది. చిన్నదే. లోపల ఇద్దరు పడుకునే మంచం, గ్యాసు పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి. పైన కొత్త రంగు.

"ఇల్లూ ఇదే, బండీ ఇదేనమ్మా. అద్దెకోసం తలుపు కొట్టేవాడు ఉండడు," అన్నాడు సుందరరాజు.

"మంచం కింద నేల పుచ్చిపోయింది," అంది వెనకనుంచి ఒక గొంతు.

తెల్లచీర కట్టుకున్న వృద్ధురాలు. ఎండకు వేసుకొచ్చిన గొడుగు ముడిచి, దగ్గరికి వచ్చింది.

"పైకప్పు అతుకుల దగ్గర కారుతుంది. గ్యాసు గొట్టం పాతబడింది. పిల్లను పెట్టుకుని ఇందులో పడుకోకు, అమ్మాయ్."

కుసుమ నవ్వుకుంది. పెదన బజారులో పెరిగిన మనిషికి ఆ ఎత్తు తెలియనిది కాదు. సరుకుకు వంకలు పెట్టేది కొనేవాళ్లు. అమ్మేవాళ్లు ఎన్నడూ పెట్టరు.

"నేను వద్దని వెళ్లిపోతే మీరు చవగ్గా కొట్టేద్దామనా, మామ్మగారూ?"

"నాకీ బండి వద్దమ్మా."

"వద్దనుకునేవాళ్లు ఇంత ఎండలో పనిగట్టుకుని వస్తారా?"

షెడ్డులో ఉన్నవాళ్లు నవ్వారు. టీ తాగుతున్న ఒకడు, "మామ్మగారు హనీమూనుకు వెళ్తున్నారేమోలెండి," అన్నాడు.

ఆమె అతని వైపు చూడలేదు.

"లోపలికెక్కి నేల ఒకసారి చూడు తల్లీ."

కుసుమ ఎక్కి, కాలితో తొక్కి చూసింది. సుందరరాజు కొత్తగా అంటించిన షీటు నున్నగా తగిలింది.

"నిక్షేపంగా ఉంది. ఈ వయసులో అబద్ధాలాడటానికి సిగ్గుండాలి."

వృద్ధురాలు ఏదో చెప్పబోయి ఆగింది. సుందరరాజు వైపు చూసింది. అతను నోరు విప్పలేదు. ఆ మౌనానికి అతనికి కమీషను ముట్టింది.

కుసుమ అక్కడికక్కడే డబ్బు కట్టేసింది.

"బండి ఎప్పుడు తీసుకెళ్తావు?" అని మాత్రం అడిగింది వృద్ధురాలు.

"మీకెందుకు?"

"కాగితాలు మారడానికి నెల పడుతుందండీ," అన్నాడు సుందరరాజు, ఎటో చూస్తూ.

ఆమె దీప్తి తలమీద చెయ్యి వేసి, గొడుగు విప్పుకుని వెళ్లిపోయింది.

నెల తిరిగాక కుసుమ తానే నడుపుకుంటూ వ్యానును ఇంటికి తెచ్చుకుంది.

ఆ వానాకాలం పాలకాయతిప్ప దగ్గర బండి ఆపినప్పుడు, సముద్రపు గాలికి వాన అడ్డంగా కొట్టింది. లోపల చుక్క రాలలేదు. దీప్తి మంచం మీంచి కిందికి గెంతినా నేల కిర్రుమనలేదు. గ్యాసు వాసన అసలే లేదు.

"ఆ మహాతల్లి చెప్పినదాంట్లో ఒక్కటీ నిజం కాదు," అని కుసుమ ప్రతి ఎగ్జిబిషనులోనూ పక్క దుకాణాలవాళ్లకు చెప్పింది. వాళ్లు నవ్వారు. అన్యాయం అలా ఊళ్లు తిరిగింది.

మరుసటి ఏడు, పగిలిన కిటికీ అద్దం వేయించడానికి గుడివాడలో నాగవంశీ అనే మెకానిక్కు దగ్గర ఆగింది.

అతను బండిని గుర్తుపట్టాడు. "దీనికి నేల వేసింది నేనేనండీ."

"ఏ నేల?"

"మంచం కింద. షీటు లేపి చెయ్యి పెడితే చెక్క పొడిపొడిగా రాలింది. పైకప్పు అతుకులన్నీ విప్పి మళ్లీ వేశాం. ఇక ఆ గ్యాసు గొట్టం. దాంతోనే పొయ్యి వెలిగించి ఉంటే మీరిలా నిలబడి మాట్లాడేవారు కాదు."

కుసుమ కూతుర్ని దగ్గరికి లాక్కుంది.

"సుందరరాజుగారు చేయించారా?"

"ఆయనా? టైర్లలో గాలి కూడా పట్టించడు. చేయించింది గూడూరు సువార్తమ్మగారు. తెల్లచీర, పెద్దావిడ. రోజూ బస్సులో వచ్చి, పని ముగిసేదాకా ఇక్కడే కూర్చునేవారు."

కుసుమ బండి తాళాలు చేతిలోకి తీసుకుంది.

"ఆవిడ ఇల్లెక్కడో చెప్పు బాబూ. కాళ్లమీద పడాలి."

"ఈస్టరుకు ముందే పోయారండీ."

గోడవతల రోడ్డుమీద బస్సు వెళ్లిన చప్పుడు వినిపించింది. అది పూర్తిగా దూరమయ్యాక కుసుమ మళ్లీ అడిగింది.

"నాకెందుకు చేశారు? ఆవిడా బేరానికే కదా వచ్చారు?"

నాగవంశీ చేతులు తుడుచుకున్నాడు.

"వాళ్లాయన ఏలీయాగారు పాత బండ్లకు రంగేసి అమ్మేవారండీ. బ్రేకుల లోపం దాచి ఆయన అమ్మిన జీపులో, అవనిగడ్డ దగ్గర ఒక పసిపిల్ల పోయింది. తప్పు నాదని ఆయన బతికుండగా ఒప్పుకోలేదు. ఆయన పోయాక మిగిలిన ఈ వ్యానును మీకు అమ్మింది సువార్తమ్మగారే. మీరిచ్చిన డబ్బంతా దీనికే పెట్టి, 'ఆ పిల్ల బాకీ ఈ పిల్లకు తీర్చేశాను, నాగవంశీ,' అని చెప్పి బస్సెక్కారు."