ఒక్క ఢీ

దొడ్డిలో పొట్టేళ్ళ మధ్య ఒకటే వాదన. ఈ ఏటి పందెం గెలిచిన ఎర్రోడు గొప్పా, ఆరేళ్ళ కిందట ఊళ్ళన్నీ గెలిచిన భైరవుడు గొప్పా?

"భైరవుడు ఎదురు నిలవనివాణ్ణి ముట్టేవాడు కాదట," అంది ఓ గొర్రె.

"నాకు ఎదురు నిలిస్తే రెండు ఢీలకే పడగొట్టేవాణ్ణి," అన్నాడు ఎర్రోడు. "తాతా, నువ్వు చూసినోడివేగా, చెప్పు!"

మూల పడుకున్న, కొమ్ములు కోసేసిన ముసలి పొట్టేలు నవ్వింది.

"రెండెందుకు నాయనా? నిన్న తవుడు తొట్టి దగ్గర పక్కనించి నన్ను ఒక్కటే కొట్టావు. పడిపోయాగా."

ఎర్రోడు తల దించుకుని వెనక్కి నడిచాడు. పొట్టేలు వెనక్కి నడిచిందంటే ఢీకొట్టడానికే. ఎర్రోడు మాత్రం గోడ తగిలేదాకా నడిచి, అక్కడే ఉండిపోయాడు.