దగ్గరికొస్తున్న మిర్రర్

ఉయ్యాలలో పాప ఊపిరి తీసుకున్నప్పుడల్లా పచ్చదీపం వెలగాలి, ఊపిరి అందకపోతే గంట మోగాలి. ఆ రాత్రి రెండూ పనిచేయలేదు. వాటిని నడిపే పాత లినక్స్ కంప్యూటర్‌ను అప్‌డేట్ చేస్తే తప్ప లాభం లేదు. భర్త నైట్ డ్యూటీలో ఉన్నాడు. ఇక తానే నడుం బిగించింది తల్లి.

"అప్‌డేట్‌ను నెట్‌లోంచి మిర్రర్ల నుంచే దింపుకోవాలి. మిర్రర్లంటే ఒకే సరుకు దొరికే కొట్లే అక్కా," అన్నాడు ఫోన్లో తమ్ముడు. "అన్నిటినీ ఓసారి పలకరించు. ఏది ముందు పలికితే అదే దగ్గర. దాన్నే పట్టుకో."

"సరే, నిద్రమొహమా. నువ్వు పడుకో, నేను చూసుకుంటా."

పరీక్ష పెట్టింది. దూరపు మిర్రర్లు తాపీగా పలికాయి. పేరులేనిది ఒకటి మాత్రం అడగడమే ఆలస్యమన్నట్టు పలికింది. అనుమానమొచ్చి మళ్లీ అడిగింది. ఇంకా త్వరగా పలికింది. మిగతావన్నీ ఉన్నచోటే ఉన్నాయి. అదొక్కటే దగ్గరికొస్తోంది.

దాని జోలికి పోలేదు. అన్నిటికంటే దూరపు మిర్రర్‌ను ఎంచుకుంది. నత్తనడకన అప్‌డేట్ పూర్తయ్యింది. పచ్చదీపం వెలిగింది. వెంటనే నెట్ తీగ పీకేసి, ఇక ఏదీ పలకదని తేల్చుకోవడానికి ఆఖరిసారి పరీక్షించబోయింది.

మీట నొక్కకముందే ఒకటి పలికింది.

ఒక్క ఉదుటున లేచి పాపను ఎత్తుకుంది. మెడ మీద వెచ్చగా తగిలింది పాప ఊపిరి. "నేనున్నా కదమ్మా," అంటూ తలుపు వైపు నడిచింది.

ఉయ్యాల ఖాళీ అయింది కదా, గంట మోగాలి. మోగలేదు.

వెనక, పచ్చదీపం నిదానంగా వెలిగి ఆరుతోంది.