కుడి దీపం కింద

“ఏం విరిగింది?” అంటూ రదొవాన్ కళ్ళకున్న భూతద్దాన్ని నుదుటి మీదికి నెట్టాడు.

“విరగలేదు,” అన్నాడు అలోయిస్. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, అట్టపెట్టెను బల్ల మీదికి మెల్లగా జరిపాడు. “ఒక్కచోట మురికి తక్కువైంది. కాస్త పూస్తావేమోనని.”

పెట్టెలో జానెడు డీజిల్ ఇంజను. ముందు అద్దాలు కళ్ళజోడులా ఉంటాయి కాబట్టి అందరూ ఆ రకాన్ని కళ్ళజోడు బండి అనే అంటారు. అలోయిస్ ఉద్యోగమంతా నడిపిన ఇంజనుకు అచ్చమైన నమూనా, నంబరుతో సహా. పోయిన వారం పదవీ విరమణ విందులో తోటి డ్రైవర్లు బహుమతిగా ఇచ్చారు. చేసింది రదొవానే. కొత్త బొమ్మకు సన్న తీగతో చేతికమ్ములు బిగించాడు. పైకప్పు మీద పొగమసి, చక్రాల దగ్గర బ్రేకుల తుప్పు, ట్యాంకు కింద నూనె చారలు వేసి, చలికాలమంతా కూర్చుని దాన్ని మురికి చేశాడు. బ్ర్నో నగరం నుంచి అతను వచ్చి చేరాకే ఊళ్ళో రైలు నమూనాల సంఘానికి పేరొచ్చింది.

“ఎక్కడ తక్కువైంది?”

అలోయిస్ వేలు చూపించాడు, తాకలేదు. ఇంజను ముఖాన, కుడి దీపం కింద, గోరంత మేర ఎర్రరంగు శుభ్రంగా మెరుస్తోంది.

రదొవాన్ నవ్వాడు. “అది తక్కువవడం కాదండీ. అది నా పనితనం.”

నమూనా కోసం డ్రైవర్లు ఇచ్చిన పాత ఫోటోని గోడ మీంచి తీసి ముందు పెట్టాడు. మంచు కప్పిన స్టేషను. ఇంజను మెట్టు మీద నడివయసు అలోయిస్, ఒంటి మీద బనీను తప్ప చొక్కా లేదు.

“చూడండి. ముఖమంతా మసి, ఆ ఒక్క మూల తళతళ. నీళ్ళతో కడిగింది కాదు, గుడ్డతో తుడిచింది. చారలు ఎడమ నుంచి కుడికి పోయాయి. అవి సరిగ్గా రావడానికి ఎన్నిసార్లు చెరిపి వేశానో.”

“సరిగ్గానే వచ్చాయి,” అన్నాడు అలోయిస్. “అందుకే తీసెయ్యమంటున్నా.”

“ఫోటోవాడు కనిపించగానే గబగబా తుడిచారు కదూ? పైగా ఆ చలిలో బనీనుతో నిలబడ్డారు, కండలు చూపించడానికి. మా ఆవిడైతే చూసి ఒకటే నవ్వు.”

అలోయిస్ చెవులు ఎర్రబడ్డాయి. “అలాగే అనుకో.”

“సిగ్గెందుకండీ, ఆ వయసులో మామూలే.”

“ఎన్నన్నా పడతాను బాబూ. శనివారం లోపల అది కనపడకుండా పోవాలి.”

“శనివారమా? మీరు ఏనాడూ మా ప్రదర్శనకి రాలేదుగా?”

“నేను రాను. బండిని పెడతానన్నావుగా. పెట్టకపోయినా సరే, నేను పట్టుకుపోతాను.”

“అమ్మో, కుదరదు. లిబుషె టీచర్‌కి మాటిచ్చాను. మూడో తరగతి పిల్లల్ని ఏటా ఆవిడే తీసుకొస్తుంది. వాళ్ళంతా తిరిగే రైళ్ళ దగ్గర మూగితే, ఆవిడ మాత్రం ఒక్కో డీజిల్ ముందూ వంగి ముఖం చూస్తుంది. పోయినేడు ఈ నంబరు చెప్పి, ఇది ఎప్పుడైనా పెడతారా అని అడిగింది. వాళ్ళాయన నడిపాడేమో అనుకున్నా. మీకు తెలుసా ఆవిడ?”

అలోయిస్ టోపీ అంచు తిప్పాడు. “రొట్టెల కొట్లో కనిపిస్తుంటుంది.”

కనిపించిన రోజు రొట్టె కొనకుండానే బయటికొచ్చేస్తానని చెప్పలేదు.

రదొవాన్ అతని ముఖం చూశాడు. మెల్లగా పెదవులు విచ్చుకున్నాయి. “ఓహో. పెద్దాయనా, ఇదా సంగతి? ఆవిడ కంటికి సోకులరాయుడిలా కనిపిస్తారనా మీ భయం? ముందే చెప్పొచ్చుగా, ఇంతసేపు నాతో వాదించకపోతే.”

అలోయిస్ కాదనలేదు. అలా అనుకుంటే అనుకోనీ అనిపించి గుండె కాస్త తేలికైంది. అలా తేలికైనందుకు మరింత సిగ్గేసి తలొంచుకున్నాడు.

“మీకోసం చేస్తున్నా. ఇంకెవరడిగినా చెయ్యను.”

రదొవాన్ భూతద్దం దించుకున్నాడు. నల్లపొడిలో చిటికెడు గోధుమరంగు కలిపి, కుంచె కొసతో కుడి దీపం కింద అద్దాడు. ఊదాడు. మళ్ళీ అద్దాడు. చారలు ఒక్కొక్కటే మసిలో కలిసిపోయాయి. పైన వార్నిష్ తుంపర్లు పడ్డాక, అక్కడ ఎవరూ ఎన్నడూ చెయ్యి పెట్టనట్టు అయింది.

అలోయిస్ ఊపిరి వదిలాడు. “మేలు చేశావు బాబూ.” లేచి టోపీ పెట్టుకున్నాడు.

“ఉండండి, ఇప్పుడు నాకో మంచి ఆలోచన వచ్చింది.” రదొవాన్ ఫోటో అందుకున్నాడు. “దీన్ని బండి పక్కనే పెడతా. రెంటికీ తేడా ఎక్కడుందో కనిపెట్టమని పిల్లలకి పోటీ. అందరికన్నా ముందు టీచరే కనిపెడుతుంది, చూడండి.”

అలోయిస్ చెయ్యి ఫోటో మీద పడింది.

“పెట్టొద్దు.”

“బనీను సంగతి నేను పిల్లలకి చెప్పన్లెండి.”

“చొక్కా విప్పి దాంతోనే తుడిచాను.”

రదొవాన్ నవ్వబోయాడు. అలోయిస్ ఫోటోని బోర్లా తిప్పాడు.

“అది ఫోటోకి కాసేపు ముందు, రైల్వే గేటు దగ్గర,” అన్నాడు అలోయిస్, నేల చూస్తూ. “లిబుషె టీచర్ పొలంలోంచి పరుగెత్తుకొస్తోంది. ఆవిడ వచ్చి చేరేలోపల తుడిచెయ్యాలి. చేతికి ఇంకేమీ దొరకలేదు.”

“ఏం తుడిచారు?”

“వాళ్ళబ్బాయి రక్తం.”