మూరెడు ఇంజన్ షెడ్డు

"ఏందయ్యా, నా ఛాతీ ఎక్స్‌రే కోస్తున్నవా?" మల్లక్క వంటింట్లోంచి ఉరికొచ్చింది.

అప్పటికే కోసేశాడు బుచ్చన్న. పొగపట్టిన కిటికీ అద్దాలకు అంతకన్నా మంచి సరుకు గోదావరిఖని అంతా తిరిగినా దొరకదని ఆయన వాదన.

"నీ దగ్గు తగ్గి ఏడాదాయె. ఇంకెందుకే గది?"

అబ్బో, ఎక్స్‌రే ఒక్కటేనా! ఉన్న ఒక్క గొడుగూ విరిచి కమ్ములు లాగాడు, కప్పు కింది దూలాలకు. కూల్‌డ్రింక్ డబ్బాలు కత్తిరించి, చీపురుపుల్లల మీద ఒత్తి ముడతల రేకులు చేశాడు. సైకిలు పుల్లలు పట్టాలయ్యాయి. గుండుసూది తలలు రివిట్లయ్యాయి. ఇల్లంతా జిగురు కంపు.

ఊసుపోక చేసే పని కాదది. ఒకప్పుడు బొగ్గు బండ్లను లాగిన ఆవిరి ఇంజన్లకు కాలనీ చివర ఒక షెడ్డుంది. బుచ్చన్న తండ్రి సదయ్య అందులో ఫిట్టరు. తర్వాత బుచ్చన్నా అందులోనే, తండ్రి పక్కనే ఫిట్టరుగా చేరాడు. తండ్రి ప్రాణం పోయింది కూడా అక్కడే, డ్యూటీలో, కొడుకు ఒళ్లో. అలాంటి షెడ్డును ఇప్పుడు పాత ఇనుము కింద వేలం వేశారు. ఎవడో పాడుకున్నాడు. ఇక కాగితం మీద సంతకం ఒక్కటే మిగిలింది.

బుచ్చన్న ఆ వేలం వేసిన మంచిర్యాల ఆఫీసుకు పోయి, ఆఫీసరు వేణుమాధవ్‌ను కాళ్లావేళ్లా పడి బతిమాలాడు. పాపం, ఆయన మంచివాడే.

"తుప్పు రేకులు చూసి పైవాళ్లు ఆగరు బుచ్చన్నా. ఇంజన్లున్న రోజుల్లో ఎట్లుండేదో కళ్లకు కట్టినట్టు చూపించు. పిల్లలు చూసే మ్యూజియం చేద్దామని నేను అడుగుత. నెలాఖరు దాటితే మాత్రం నా చేతుల ఉండదు."

అందుకే ఈ నమూనా. పొడవు మూరెడు. దాని మీద బుచ్చన్న పెట్టుకున్న ఆశకు మాత్రం కొలత లేదు.

విచిత్రమేమిటంటే, ఈ పనిలో తోడు నిలిచింది అల్లుడు ఉపేందర్. పెళ్లయిన నాటి నుంచి మామ కనబడితే పక్క సందులోకి తిరిగే మనిషి. తప్పు మామదే. "ఏ పనీ నిలబడి చెయ్యనోడు" అని పదిమందిలో నోరు జారాడు మరి. అలాంటివాడు పిలవకుండానే వచ్చి, టేపు పట్టుకుని షెడ్డు కప్పెక్కాడు. దూలాల మందం కొలిచాడు. రేకులు లెక్కపెట్టాడు. అన్నీ ఫోనులో ఫొటోలు తీసుకొచ్చాడు.

"నమూనా అంటే ఉన్నదున్నట్టు ఉండాలె మామా. ఒక్క బోల్టు తప్పినా సార్లు నమ్మరు."

బుచ్చన్న కడుపు నిండిపోయింది. రాత్రి భోజనాల దగ్గర పెళ్లాంతో, "ఉత్తగనే అన్ననే పిలగాన్ని. బంగారమే వాడు" అన్నాడు.

"ఏమడిగిండు?" అంది మల్లక్క.

"ఏమీ అడగలె!"

"గదే నాకు సమజైతలేదు."

ఒకరోజు నమూనాలో స్తంభాలు నిలబెడుతుంటే బుచ్చన్న చెయ్యి ఒక దాని మీద ఆగిపోయింది.

"గీ మూడోది చూసినవా అల్లుడా? ఎప్పుడో ఇంజన్ గుద్దితే పక్క స్తంభం వంగింది. గప్పటిసంది బరువంత దీని మీదనే. ఇది పోయిందంటే షెడ్డు మొత్తం కూలబడుతది. నాకూ మా నాయినకూ తప్ప ఎవ్వలకు తెల్వదు. సార్లు ముందుగాల దీన్నే కాపాడాలె."

ఉపేందర్ వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"దానికి ఎర్ర రంగు వెయ్యి మామా. చూడంగనే తెలువాలె."

మంచి ఆలోచన అనిపించింది బుచ్చన్నకు. మల్లక్క కుంకుమలో జిగురు కలిపి, మూడో స్తంభానికి శ్రద్ధగా పూశాడు. గోడ మీద, తండ్రి బల్ల ఉండే చోట, సూదితో 'సదయ్య' అని గీశాడు. గీస్తుంటే కళ్లు మసకబారాయి.

"ఆ వేలం పాడినోని చేతులు పడిపోను!" అని తిట్టాడు.

"వాని సంగతి నాకు ఇడిసిపెట్టు" అన్నాడు ఉపేందర్.

నెలాఖరుకు రెండు రోజులుందనగా నమూనా పూర్తయింది. బుచ్చన్న తెల్లచొక్కా వేసుకుని బయల్దేరబోతే అల్లుడు ఆపాడు.

"మోకాళ్ల నొప్పులతోని బస్సుల ఎందుకు మామా? దారిల కుదుపులకు ఇది ఇరిగితే ఎట్ల? నేను బండిల తీస్కపోత."

సాయంత్రం ఫోనొచ్చింది.

"సార్లు మస్తు మెచ్చుకున్నరు మామా. ఫికర్ చెయ్యకు."

బుచ్చన్న వాడకట్టంతా లడ్డూలు పంచాడు. ఆఖరికి మల్లక్క కూడా నవ్వింది. అల్లుడి పేరు చెప్పి ఒక లడ్డూ దేవుడి ముందు పెట్టింది.

నెల మారగానే, ఒక పొద్దున షెడ్డు వైపు నుంచి లారీ చప్పుడు. మ్యూజియం పనులు మొదలైనట్టున్నాయి! బుచ్చన్న చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికాడు.

నిజమే, పనివాళ్లొచ్చారు. గ్యాస్ సిలిండర్లు దించుతున్నారు. లారీ ముందు బల్ల మీద తన నమూనా ఉంది. ఒకడు దాన్ని చూసి, లోపలికి నడిచి, వరసగా లెక్కపెట్టి, సరిగ్గా మూడో స్తంభం దగ్గర ఆగాడు. బుచ్చన్న గుండె పొంగింది. పనంటే ఇదీ! తన చేతి పని చూసి ముందు కాపాడాల్సిన చోటే పట్టుకున్నారు.

"గదే బిడ్డా, గదే! గట్టిగ దన్ను పెట్టుండ్రి!" అన్నాడు దగ్గరికి పోయి.

వాడు నల్లద్దాలు కళ్ల మీదికి దించుకుని మంట వెలిగించాడు.

"జర దూరం జరుగు కాకా, గీ ఎర్రది కోస్తే షెడ్డంత ఒక్కపారే కూలుతదని, ముందుగాల దీన్నే కొయ్యుమన్నడు వేలం పాడుకున్న మా ఉపేందర్ సేటు."