బోను తాడు

2003 ఆగస్టు పదో తేదీ, రాత్రి ఏడున్నర. సన్నని జల్లు, గాలి లేదు, కరెంటు పోయింది. యాప్రాల్‌లో మా వెనుక గదిలో అద్దెకుండే సూరి కోతులు పట్టేవాడు. అతడు చాటున కూర్చుని తాడు లాగితే బోను తలుపు పడేది. ఒక మొండితోక కోతి, తన పిల్ల ఆ బోనులో చిక్కిన నాటి నుంచి, గోడపై కూర్చుని అతని చేతులనే గమనించేది.

"అది పిరికిదమ్మా. చూస్తాదంతే," అని సూరి నవ్వుతుండగా పెరట్లో బోను తలుపు పడిన చప్పుడైంది. తాడు లాగవలసిన మనిషి నా ఎదుటే ఉన్నాడు.

లాంతరు తీసుకుని వెళ్లాము. బోనులో అతని ఏడాది కూతురు అరటిపండు పట్టుకుని కూర్చుంది. కోతులు నిద్రించే ఆ వేళ తాడు కొస మొండితోక చేతిలో ఉంది. మేము అడుగు వేస్తే అది పళ్లు చూపి తాడును ఇంకా బిగించింది.

ఎనిమిదేళ్ల తరువాత మా పక్కనున్న కాప్రాలో పెట్టిన బోనుల తాళ్లను కోతులే లాగాయి. వాటిలో ఒక్కదానికీ తోక తెగి లేదు.