హారన్ ఉన్న ఆట

బస్సులు వాటంతటవే నడవడం మొదలయ్యాక, ఇరవై ఏళ్లు శ్రీశైలం ఘాట్‌లో బస్సు తోలిన సైదులు ఇంట్లోనే ఉంటున్నాడు. కూతురు ఉజ్వల కంప్యూటర్‌కు స్టీరింగ్ బిగించి రెండు రేసు గేములు పెట్టింది.

మొదటిది అచ్చం నిజం రోడ్డులాగే ఉంది. సైదులు స్టీరింగ్‌కు దండం పెట్టి కదిలాడు. మొదటి మలుపులోనే బండి ఆపేశాడు.

“హారన్ ఏదే?”

“దీంట్ల ఉండదు నాయినా. ఎదురుంగ ఎవరూ రారు.”

రెండోదాంట్లో కారు గోడను గుద్దినా బంతిలా ఎగిరి పరిగెత్తింది. హారన్ మాత్రం ఉంది.

“అది పిల్లలాట నాయినా.”

“అయితేంది? మలుపుల హారన్ కొట్టకుండ పోతరా?”

ప్రతి మలుపులోనూ గట్టిగా కొట్టాడు. మూడోసారి మోగేసరికి, కిటికీ అవతల రోడ్డు మీద వెళ్తున్న డ్రైవర్ లేని బస్సు పక్కకు జరిగి, ఆగి, దారి ఇచ్చింది.